ఆఫీసు మెయిల్స్ అరగంట, ముప్పావుగంట లేటు: సొంత పోస్ట్‌ఫిక్స్ సర్వర్, అనంతపురం

పెన్నా_ఒడ్డు (అనంతపురం)
సోమవారం, ఉదయం 11:48

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి రాళ్ల వ్యాపారం. పాలిషింగ్ ఫ్యాక్టరీ తాడిపత్రిలో, ఆఫీసు అనంతపురంలో. మెయిల్ సర్వర్ ఆఫీసులోనే ఒక మూల గదిలో ఉంది. డెబియన్ లినక్స్, మెయిల్ పంపడానికి, అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, మెయిల్ పెట్టెలకు డవ్‌కాట్, స్పామ్ వైరస్ చూడడానికి అమావిస్. దీన్ని పెట్టినాయన బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు. నేను అకౌంట్స్ మనిషిని. కాస్త లినక్స్ తెలుసన్న పాపానికి ఇదీ నా నెత్తిన పడింది.

కొన్నాళ్లుగా మెయిల్స్ లేటు. పొద్దున పదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా మరీ ఘోరం. చెన్నై పార్టీ ఆర్డర్ పంపి, వెంటనే ఫోన్ చేసి "చూశారా?" అంటాడు. ఇక్కడ చూస్తే ఏమీ ఉండదు. అరగంటకు వస్తుంది. సాయంత్రం ఐదు దాటితే బాగానే ఉంటుంది, రాత్రయితే క్షణాల్లో వస్తుంది. పోర్టల్ ఓటీపీలు మాత్రం పగలైనా రాత్రయినా గడువు దాటాకే వస్తున్నాయి.

నెట్ స్పీడు బాగుంది, వీడియోలు ఆగకుండా ఆడుతున్నాయి. సర్వర్ రీస్టార్ట్ చేశాను, ఆ పూటకు బాగున్నట్టు అనిపించి మళ్లీ అంతే. ఓనర్ గారు రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.


ఉగ్గాని_బజ్జి (అనంతపురం)
సోమవారం, మధ్యాహ్నం 12:05

అన్నా, ఈ కాలంలో సొంత మెయిల్ సర్వర్ ఎందుకు? మనిషికి నెలకింతని కట్టి క్లౌడ్‌కి మార్చేసి హాయిగా నిద్రపో. కరెంటు పోతే టెన్షన్, యూపీఎస్ బ్యాటరీ పోతే టెన్షన్, ఎండాకాలం ఆ మూల గది వేడికి టెన్షన్.


పెన్నా_ఒడ్డు
సోమవారం, మధ్యాహ్నం 12:11

ఆ మాట ఓనర్ గారితో అన్నాను తమ్ముడూ. ఆఫీసు, ఫ్యాక్టరీ, యార్డు కలిపి డెబ్బై ఐడీలు ఉన్నాయి, స్లాబుల ఫొటోలతో పాత మెయిల్స్ టీబీ దాకా ఉన్నాయి. వద్దన్నారు. ఇప్పటికి ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.


ఎర్రనేల (ధర్మవరం)
సోమవారం, మధ్యాహ్నం 12:30

మాకూ ఇలాగే అయింది సార్. పోస్ట్‌సూపర్ కమాండ్‌కి మైనస్ డీ, ఆల్ అని ఇచ్చి క్యూ మొత్తం క్లియర్ చేశాం. వెంటనే ఫ్రీ అయిపోయింది.


కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
సోమవారం, మధ్యాహ్నం 12:34

పెన్నా_ఒడ్డు గారూ, పై కమాండ్ టైప్ చేయకండి! అది క్యూలో ఉన్న మెయిల్స్‌ను పంపదు, చెరిపేస్తుంది. మీ ఆర్డర్లు, బిల్లులు అన్నీ పోతాయి, తిరిగి తెచ్చుకునే దారి ఉండదు. పంపినవాళ్లకు బౌన్స్ కూడా వెళ్లదు, కాబట్టి పోయిన సంగతి ఎవరికీ తెలియదు.

ఎర్రనేల గారూ, ఏమీ అనుకోకండి. మీకు ఫ్రీ అయింది నిజమే, లోపల ఏమున్నాయో కూడా చూడకుండా ఫ్రీ అయింది.

ఇప్పుడు పనిలోకి. నేను ఇక్కడ ఒక కాలేజీ సర్వర్లు చూస్తాను, పోస్ట్‌ఫిక్స్‌తో చాలాకాలంగా కాపురం. రేపు పదకొండింటికి, అంటే ఇబ్బంది ముదిరిన టైములో, ఈ మూడూ చేసి ఇక్కడ పెట్టండి. ఐడీలు, ఐపీలు తీసేసి పెట్టండి.

ఒకటి, మెయిల్‌క్యూ అని కొట్టండి. ఐడీ పక్కన చుక్క గుర్తు, అదే స్టార్, ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని? స్టార్ ఉంటే ఆ మెయిల్ యాక్టివ్ క్యూలో ఉన్నట్టు, అంటే పంపే వరసలో నిలబడి ఉంది. స్టార్ లేకుండా కింద బ్రాకెట్లో కారణం ఉంటే ఒకసారి ప్రయత్నించి వాయిదా పడినట్టు. రెండూ వేరు జబ్బులు.

రెండు, వార్ లాగ్‌లోని మెయిల్ లాగ్ తెరిచి, లేటుగా వచ్చిన ఏదైనా ఒక మెయిల్ ఐడీ పట్టుకుని దాని లైన్లన్నీ పెట్టండి. అందులో "డిలేస్=" అని నాలుగు అంకెలు ఉంటాయి. మాకు కావలసింది అవే.

మూడు, ఆఫీసులోనే పక్క సీటు వాళ్లకు ఒక మెయిల్ పంపి ఎంతసేపట్లో అందిందో చూడండి.

అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకండి.


కారం_దోశ (కడప)
సోమవారం, సాయంత్రం 4:10

మా కడపలో అయితే ముందు ర్యామ్ పెంచేస్తారు, తర్వాత సమస్య ఏంటని అడుగుతారు 😄

చిన్న మాట. అందరికీ లేటా, కొందరికేనా? అవుట్‌లుక్‌లో పీఓపీ (సర్వర్ నుంచి మెయిల్స్ దించుకునే పద్ధతి) పెట్టుకున్నవాళ్లకు అది అరగంటకోసారే వెళ్లి చూసేలా సెట్ అయి ఉండొచ్చు. సర్వర్‌లో మెయిల్ ఉన్నా వీళ్ల స్క్రీన్ మీదికి రాదు. ముందు వెబ్‌మెయిల్‌లో చూడండి.


పెన్నా_ఒడ్డు
మంగళవారం, ఉదయం 11:21

వెబ్‌మెయిల్‌లోనూ లేటే అన్నా. కానీ డిస్పాచ్ సెక్షన్‌లో ఇద్దరికి అందరికంటే ఇంకా లేటు, వాళ్లవి పీఓపీవే. మార్చేస్తాను.

కొండారెడ్డి_బురుజు సార్ అడిగినవి:

మెయిల్‌క్యూ చివర 97 రిక్వెస్టులు అని ఉంది. స్టార్ ఉన్నవి 83, మిగతా 14 వాటికి స్టార్ లేదు. ఆ 14 కూడా జీమెయిల్‌కి వెళ్లాల్సినవే, కింద 421 అని మొదలయ్యే పొడుగాటి ఇంగ్లీషు ఉంది.

లాగ్‌లో ఒక లైను: రిలే=127.0.0.1, పోర్టు 10024, డిలే=1461, డిలేస్=0.4/1425/0.01/35.6, స్టేటస్=సెంట్.

పక్క సీటుకు పంపిన మెయిల్ 26 నిమిషాలకు చేరింది. ఇద్దరి మధ్య ప్లైవుడ్ పార్టిషన్ ఒక్కటే ఉంది సార్!


కొండారెడ్డి_బురుజు
మంగళవారం, ఉదయం 11:40

భేష్. ఆ ఒక్క లైనులోనే సగం కథ ఉంది.

పోస్ట్‌ఫిక్స్ 2.3 నుంచి ఈ నాలుగు అంకెలూ లాగ్‌లో రాస్తోంది. మొదటిది మెయిల్ లోపలికి వచ్చి క్యూ మేనేజర్ చేతికి అందేదాకా పట్టిన సెకన్లు. రెండోది క్యూ మేనేజర్ దగ్గర వరసలో నిలబడ్డ సెకన్లు. మూడోది అవతలి సర్వర్‌తో కనెక్షన్ కుదరడానికి పట్టింది, డీఎన్‌ఎస్ (పేరుకు ఐపీ చెప్పే వ్యవస్థ) వెతుకులాట, హలో చెప్పుకోవడం, టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) అన్నీ అందులోనే. నాలుగోది మెయిల్‌ను నిజంగా అప్పగించడానికి పట్టింది.

మీ లైను చూడండి. లోపలికి రావడానికి అర సెకను కూడా పట్టలేదు. కనెక్షన్‌కి ఏమీ పట్టలేదు. వరసలో నిలబడింది 1425 సెకన్లు, అంటే దాదాపు 24 నిమిషాలు. అప్పగించడానికి 35 సెకన్లు. ఎవరికి అప్పగించింది? 127.0.0.1, పోర్టు 10024. అది అమావిస్. మీ మెషీన్‌లోనే ఉన్న స్పామ్ చెక్ అది. ఇంటర్నెట్ గడప కూడా దాటలేదు. పక్క సీటు మెయిల్ లేటయింది అందుకే.

ఒక్కో మెయిల్‌కి అమావిస్ 35 సెకన్లు తీసుకుంటోంది. మామూలుగా అది రెండు మూడు సెకన్ల పని. అమావిస్ డిఫాల్ట్‌గా ఒకేసారి రెండు మెయిల్స్‌నే చూస్తుంది. మార్చి ఉండకపోతే మీ సర్వర్ నిమిషానికి మూడున్నర మెయిల్స్ మాత్రమే వదులుతోంది. రాత్రి నిమిషానికి ఒకటి వస్తుంది కాబట్టి వరస ఉండదు. పొద్దున అందరూ ఒకేసారి కూర్చుని ధరల పట్టికలు, ఫొటోలు పంపుతారు, వరస పెరుగుతుంది. తాడిపత్రి రైల్వే గేటు దగ్గర లారీల్లాగే. 83 మెయిల్స్‌ని నిమిషానికి మూడున్నర చొప్పున లెక్కేయండి, 24 నిమిషాలే వస్తుంది.

ఆ 14 జీమెయిల్‌వి వేరే కథ. తర్వాత చూద్దాం.


ఉగ్గాని_బజ్జి
మంగళవారం, ఉదయం 11:52

అయితే అమావిస్‌లో రెండుని పదిగా మార్చేస్తే సరిపోయె కదా. మ్యాక్స్ సర్వర్స్ అని ఒక లైను ఉంటుంది. ఐదు నిమిషాల పని.


కొండారెడ్డి_బురుజు
మంగళవారం, మధ్యాహ్నం 12:03

సరిపోదు. ఒక్కో అమావిస్ ప్రాసెస్, స్పామ్‌ను పసిగట్టే స్పామ్‌అస్సాసిన్ రూల్స్‌తో కలిపి వంద ఎంబీ పైనే తింటుంది. క్లామ్‌ఏవీ అయితే వైరస్ సంతకాలు లోడ్ చేయడానికే ఒక జీబీ దాటుతుంది. నాలుగు జీబీ మెషీన్ మీద పది పెడితే స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్క్ వాడడం) జారుతుంది, 35 సెకన్లు 90 అవుతాయి. పైగా మాస్టర్ డాట్ సీఎఫ్‌లో పోస్ట్‌ఫిక్స్ వైపు కూడా అదే సంఖ్య ఉండాలి, లేకపోతే పెంచినా ఉపయోగం లేదు.

అన్నిటికంటే, నిన్నటిదాకా రెండు సెకన్లలో అయ్యే పని ఇవాళ 35 ఎందుకు తీసుకుంటోందో తెలుసుకోకుండా కౌంటర్లు పెంచితే జబ్బు అక్కడే ఉంటుంది.

పెన్నా_ఒడ్డు గారూ, టాప్ కొట్టి చూడండి. అమావిస్ ఆ 35 సెకన్లూ సీపీయూ తింటోందా, ఊరికే కూర్చుని ఉందా?


పెన్నా_ఒడ్డు
మంగళవారం, మధ్యాహ్నం 12:20

సీపీయూ మూడు నాలుగు శాతం కూడా లేదు సార్. ర్యామ్ ఎనిమిది జీబీ, సగం ఖాళీ. స్వాప్ సున్నా. డిస్క్ లైటు కూడా పెద్దగా వెలగడం లేదు.


గండికోట (కడప జిల్లా)
మంగళవారం, మధ్యాహ్నం 12:44

అయితే అది పని చేయడం లేదు, ఎదురుచూస్తోంది. సీపీయూ ఖాళీ, డిస్క్ ఖాళీ, టైము మాత్రం పోతోంది అంటే నాకు తెలిసి పదిలో తొమ్మిదిసార్లు డీఎన్‌ఎస్సే. నేను నెట్‌వర్కింగ్ వైపు పని చేస్తాను, నాకు అన్నీ డీఎన్‌ఎస్‌లాగే కనిపిస్తాయి అని మా ఆఫీసులో నవ్వుతారు, కానీ ఒకసారి చూడండి.

రెండు ప్రశ్నలు. ఈటీసీలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో, అంటే ఏ నేమ్‌సర్వర్‌ను (డీఎన్‌ఎస్ జవాబిచ్చే సర్వర్) అడగాలో రాసుండే ఫైల్‌లో, ఏముంది? ఈ లేటు మొదలైన రోజుల్లో ఆఫీసులో ఏం మారింది? చిన్నదైనా చెప్పండి.

ఇంకొకటి. సర్వర్ నుంచి కాకుండా వేరే పీసీ నుంచి టెల్‌నెట్‌తో సర్వర్ పోర్టు 25కి కనెక్ట్ అయి, 220 అనే పలకరింపు ఎన్ని సెకన్లకు వస్తుందో చూడండి.


పెన్నా_ఒడ్డు
మంగళవారం, మధ్యాహ్నం 2:35

అక్కా, సర్వర్ మీదే టెల్‌నెట్ చేస్తే 220 వెంటనే వచ్చింది. నా పీసీ నుంచి చేస్తే అయిదు సెకన్లు! ప్రతిసారీ సరిగ్గా అయిదే.

రిజాల్వ్ ఫైల్‌లో రెండు నేమ్‌సర్వర్లు ఉన్నాయి. మొదటిది ఏదో ఐపీ, రెండోది 8.8.8.8.

మారింది అంటే, నెట్ లైన్ మార్చాం. పాత కంపెనీది తీసేసి ఫైబర్ పెట్టించాం. కొత్త స్టాటిక్ ఐపీ వచ్చింది, సర్వర్‌లో ఐపీ, గేట్‌వే మార్చింది కొత్త కంపెనీ కుర్రాడే. ఆ తర్వాతే మొదలైందేమో, ఖచ్చితంగా చెప్పలేను. కానీ నెట్ మాత్రం చాలా స్పీడు.


గండికోట
మంగళవారం, మధ్యాహ్నం 2:50

దొరికింది.

మొదటి నేమ్‌సర్వర్ పాత నెట్ కంపెనీది. చాలా కంపెనీలు తమ కస్టమర్ల ప్రశ్నలకే జవాబిస్తాయి. మీరు ఇప్పుడు బయటివాళ్లు కాబట్టి అది పలకదు, "లేదు" అని కూడా అనదు. లినక్స్ ఒక నేమ్‌సర్వర్ కోసం అయిదు సెకన్లు చూసి అప్పుడు రెండోదాన్ని అడుగుతుంది. మీకు సరిగ్గా అయిదు వచ్చింది అందుకే. ఎవరైనా కనెక్ట్ కాగానే ఈ ఐపీ ఎవరిదని పోస్ట్‌ఫిక్స్ వెనక్కి అడుగుతుంది. ఆ జవాబు వచ్చేదాకా 220 చెప్పదు. సర్వర్ తనకు తాను కనెక్ట్ అయితే పేరు హోస్ట్స్ ఫైల్‌లోనే దొరుకుతుంది, అందుకే అక్కడ ఆలస్యం లేదు.

స్పామ్‌అస్సాసిన్ సంగతి ఇంకా ఘోరం. ఒక్కో మెయిల్‌కి అది పదుల సంఖ్యలో డీఎన్‌ఎస్ ప్రశ్నలు వేస్తుంది. బ్లాక్‌లిస్టులు (స్పామ్ పంపేవాళ్ల జాబితాలు), ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో ఏ ఐపీలు పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ సంతకం), మెయిల్‌లో ఉన్న ప్రతి లింకు డొమైన్. జాబితాలో మొదటి నేమ్‌సర్వర్‌నే పట్టుకుని కూర్చుంటుంది. బ్లాక్‌లిస్టు జవాబు కోసం 15 సెకన్ల దాకా ఆగుతుంది. దాని మీద మిగతావి కలిస్తే 35 ఆశ్చర్యం కాదు.

పీసీలన్నీ రౌటర్ ఇచ్చే కొత్త డీఎన్‌ఎస్ వాడుతున్నాయి, వీడియోలు ఆడుతున్నాయి. సర్వర్ ఒక్కటే పాత నంబరుకు ఫోన్ చేస్తూ ఉంది. ఆ మొదటి ఐపీని డిగ్ కమాండ్‌తో అడిగి చూడండి, నిర్ధారణ అవుతుంది.


పెన్నా_ఒడ్డు
మంగళవారం, మధ్యాహ్నం 3:02

"కనెక్షన్ టైమ్డ్ అవుట్, నో సర్వర్స్ కుడ్ బి రీచ్డ్." అక్కా, మీకు దండం.


కొండారెడ్డి_బురుజు
మంగళవారం, మధ్యాహ్నం 3:15

గండికోట గారికి నాదీ ఒక దండం. నేనైతే ఇంకో అరపూట అమావిస్ లోపల తవ్వుతూ ఉండేవాణ్ణి.

అయినా అక్కడా రుజువు చూసుకుందాం. అమావిస్ లాగ్ లెవెల్ 2 చేసి రీస్టార్ట్ చేస్తే "టైమింగ్" అని ఒక లైను వస్తుంది. ఏ అడుగుకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అందులో ఉంటుంది. స్పామ్ చెక్ దగ్గరే ముప్పై వేలు కనిపిస్తే ఇక అనుమానం లేదు.


ఉగ్గాని_బజ్జి
మంగళవారం, మధ్యాహ్నం 3:20

మొదటి లైను తీసేసి 8.8.8.8 ఒక్కటే ఉంచితే చాలు కదా. దీనికింత రామాయణమా?


గండికోట
మంగళవారం, మధ్యాహ్నం 3:41

స్పీడు వస్తుంది, కానీ మెయిల్ సర్వర్‌కి అది చాలదు. స్పామ్‌హౌస్‌లాంటి బ్లాక్‌లిస్టులు పబ్లిక్ రిజాల్వర్ల (గూగుల్ 8.8.8.8లాగా అందరికీ డీఎన్‌ఎస్ వెతికిచ్చే సర్వర్ల) నుంచి వచ్చే ప్రశ్నలకు ఉచితంగా జవాబివ్వవు. లోకంలో సగం మంది 8.8.8.8 నుంచే అడుగుతారు, ఎవరు ఎంత వాడుతున్నారో వాళ్లకు తెలియదు. అలాంటి ప్రశ్నకు 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. స్పామ్‌అస్సాసిన్ కొత్త రూల్స్‌కి అది ఎర్రర్ అని తెలుసు. కానీ పోస్ట్‌ఫిక్స్ మెయిన్ డాట్ సీఎఫ్‌లో బ్లాక్‌లిస్టు పేరు ఒక్కటే రాసి, ఏ కోడ్లకు తిప్పికొట్టాలో రాయకపోతే, ఆ ఎర్రర్‌నే "ఇది స్పామ్" అని అర్థం చేసుకుని వచ్చిన ప్రతి మెయిల్‌నీ వెనక్కి కొడుతుంది. అప్పుడు లేటు కాదు, అసలు రానే రాదు.

అందుకని సర్వర్ మీదే అన్‌బౌండ్ అనే చిన్న రిజాల్వర్ పెట్టుకోండి. ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకుండా రూట్ (డీఎన్‌ఎస్ మొదటి మెట్టు) నుంచి అదే వెతుక్కుంటుంది, వెతికినవి గుర్తుపెట్టుకుంటుంది. రిజాల్వ్ ఫైల్‌లో 127.0.0.1 ఒక్కటే ఉంచండి. పాత ఇన్‌స్టలేషన్లలో ఇంకో బ్లాక్‌లిస్టు జాడ్యం కూడా ఉంటుంది. ఎప్పుడో మూతపడ్డవాటి పేర్లు కాన్ఫిగ్‌లో అలాగే మిగిలిపోతాయి. సోర్బ్స్ 2024 జూన్‌లో మూతపడింది. అది ఉంటే తీసేయండి.


పెన్నా_ఒడ్డు
మంగళవారం, సాయంత్రం 6:50

అన్‌బౌండ్ పెట్టాను. రిజాల్వ్ ఫైల్ మార్చి అమావిస్ రీస్టార్ట్ చేశాను. దానికి ముందు టైమింగ్ లైను కూడా చూశాను, మొత్తంలో 88 శాతం స్పామ్ చెక్ దగ్గరే.

ఇప్పుడు డిలేస్=0.3/0.02/0.01/1.9! నమ్మలేకపోతున్నాను.

కానీ ఒక చిక్కు. నా పీసీ నుంచి టెల్‌నెట్ చేస్తే 220కి ఇంకా అయిదు సెకన్లే పడుతోంది. ఫైల్ మార్చానో లేదో అని మళ్లీ తెరిచి చూశాను, మారింది.


కొండారెడ్డి_బురుజు
మంగళవారం, రాత్రి 7:05

అది డెబియన్ వాళ్లు పెట్టే పరీక్ష. అక్కడ పోస్ట్‌ఫిక్స్ భాగాలు చాలామటుకు క్రూట్ అనే గోడ లోపల నడుస్తాయి, బయటి ఈటీసీ వాటికి కనబడదు. అందుకని వార్ స్పూల్ పోస్ట్‌ఫిక్స్ లోపల ఇంకో ఈటీసీ, అందులో రిజాల్వ్ ఫైల్‌కి ఒక కాపీ ఉంటుంది. మీరు మార్చింది అసలుది. కాపీలో ఇంకా పాత నంబరే ఉంది. పోస్ట్‌ఫిక్స్‌ను పూర్తిగా రీస్టార్ట్ చేయండి, కొత్త కాపీ వస్తుంది.


పెన్నా_ఒడ్డు
మంగళవారం, రాత్రి 7:12

వచ్చింది సార్. 220 తక్షణమే.


కారం_దోశ
మంగళవారం, రాత్రి 9:30

ఈ క్రూట్ కాపీ సంగతి నాకూ తెలియదు. మా దగ్గర ఒక సర్వర్‌లో ఇప్పుడే చూస్తే అసలు, కాపీ రెండూ వేరుగా ఉన్నాయి. రేపు ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా రీస్టార్ట్ చేస్తా 🤫


పెన్నా_ఒడ్డు
బుధవారం, ఉదయం 11:30

పదకొండింటికి క్యూ చూశాను, స్టార్ ఉన్నవి రెండే. చెన్నై పార్టీ పంపింది ఫోన్‌లో మాట్లాడుతుండగానే వచ్చింది. ఓనర్ గారు అందరికీ టీ చెప్పారు.

కానీ రెండు మిగిలాయి. ఓటీపీలు ఇంకా లేటే. జీమెయిల్‌కి వెళ్లేవి కొన్ని ఇంకా 421తో ఆగుతున్నాయి, మళ్లీ గంటకో రెండు గంటలకో వెళ్తున్నాయి. పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్ కొడితే వెంటనే వెళ్తాయని ఎవరో చెబితే పొద్దున్నుంచి మధ్యమధ్యలో కొడుతున్నాను. కొట్టొచ్చా?


కొండారెడ్డి_బురుజు
బుధవారం, ఉదయం 11:45

కొట్టకండి. వాయిదా పడినవన్నీ ఒక్కసారిగా యాక్టివ్ క్యూలోకి వచ్చి కొత్త మెయిల్స్‌కి అడ్డం పడతాయి. అవతలివాళ్లు "కాసేపు ఆగి రండి" అన్నారు. మీరు నిమిషానికోసారి తలుపు తడితే అనుమానం ఇంకా పెరుగుతుంది. పోస్ట్‌ఫిక్స్ తనంతట తానే మొదట అయిదు నిమిషాలకు, తర్వాత దూరం పెంచుకుంటూ ఎక్కువలో ఎక్కువ 4000 సెకన్లకోసారి ప్రయత్నిస్తుంది. అయిదు రోజులు అలా చూసి, కుదరకపోతే బౌన్స్ పంపుతుంది.

ఓటీపీకి లాగ్‌లో ఏముంది? ఆ పోర్టల్ డొమైన్ పేరుతో గ్రెప్ చేసి చూడండి. 450 లైను ఉందా?


పెన్నా_ఒడ్డు
బుధవారం, మధ్యాహ్నం 12:15

ఉంది సార్. "450 4.2.0 రెసిపియెంట్ అడ్రస్ రిజెక్టెడ్: గ్రేలిస్టెడ్." ఒకే ఓటీపీకి మూడుసార్లు ఉంది, మూడుసార్లూ వేర్వేరు ఐపీలు.


కొండారెడ్డి_బురుజు
బుధవారం, మధ్యాహ్నం 12:40

పాత అడ్మిన్ గ్రేలిస్టింగ్ చేసే పోస్ట్‌గ్రే పెట్టి వెళ్లారు. గ్రేలిస్టింగ్ అంటే ముక్కూమొహం తెలియని సర్వర్ నుంచి మెయిల్ వస్తే మొదటిసారి "ఇప్పుడు కాదు, తర్వాత రా" అని తిప్పి పంపడం. 2003లో ఇవాన్ హారిస్ అనే ఆయన ఈ పద్ధతి రాశారు. స్పామ్ పంపే ప్రోగ్రాములు ఆ రోజుల్లో రెండోసారి వచ్చేవి కావు, నిజమైన సర్వర్లు వస్తాయి. అదే దాని బలం.

పోస్ట్‌గ్రే డిఫాల్ట్‌గా 300 సెకన్లు ఆగమంటుంది. పంపే ఐపీ, పంపినవారు, అందుకునేవారు, ఈ మూడూ కలిపి గుర్తుపెట్టుకుంటుంది. చిన్న సర్వర్ అదే ఐపీ నుంచి మళ్లీ వస్తే లోపలికి వదులుతుంది. పెద్ద పోర్టల్స్‌కి వందల సర్వర్లు ఉంటాయి, ఒక్కోసారి ఒక్కో ఐపీ నుంచి వస్తాయి. పక్కపక్క ఐపీలయితే పోస్ట్‌గ్రే ఒకటిగానే చూస్తుంది, వేరే నెట్‌వర్క్ అయితే కొత్త మనిషి అనుకుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. ఓటీపీకి పది నిమిషాలే ఆయుష్షు. ఇక్కడ మూడుసార్లు నిలబెట్టేసరికి పోతుంది. పంపేవాళ్ల తప్పేమీ లేదు.


ఎర్రనేల
బుధవారం, మధ్యాహ్నం 1:05

అయితే పోస్ట్‌గ్రే తీసేయడమే కదా సార్? ఇప్పుడు స్పామ్ వాళ్లు కూడా రెండోసారి వస్తున్నారు అంటున్నారు.


గండికోట
బుధవారం, మధ్యాహ్నం 1:30

నా ఓటు తీసేయడానికే. ఈమెయిల్‌లో ఓటీపీ పంపడమే నాకు నచ్చదు, అది వేరే విషయం. 1982లో జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 821 (ఇంటర్నెట్ నియమాల పత్రం) రాసిన రోజు నుంచి ఎస్ఎంటీపీ, అంటే మెయిల్ మోసే పద్ధతి, ఎప్పుడూ "వెంటనే" అని మాటివ్వలేదు. ఇప్పటి ఆర్‌ఎఫ్‌సీ 5321 కూడా మళ్లీ ప్రయత్నించడానికి కనీసం 30 నిమిషాలు ఆగమనే చెబుతుంది. ఆ లెక్కన పద్ధతిగా నడిచే సర్వర్ ఓటీపీని అరగంట తర్వాత తెచ్చినా తప్పు లేదు. కానీ మన ఊళ్లో ఆఫీసులకు ఇవన్నీ చెబితే వింటారా? ఓటీపీ రావాలి, అంతే.


కొండారెడ్డి_బురుజు
బుధవారం, మధ్యాహ్నం 2:10

నేను ఒప్పుకోను అమ్మా. మా కాలేజీలో పోస్ట్‌గ్రే ఆపిన వారం స్పామ్ ఎలా పొంగిందో నాకు గుర్తుంది. ఈయనకు అయిదారు పోర్టల్స్, రెండు బ్యాంకులు తప్ప సమస్య లేదు. వైట్‌లిస్ట్ క్లయింట్స్ డాట్ లోకల్ అని ఫైల్ ఉంటుంది, ఆ డొమైన్లు అందులో రాసి పోస్ట్‌గ్రే రీలోడ్ చేస్తే చాలు. మామూలు పార్టీల సర్వర్లు అయిదుసార్లు సవ్యంగా వచ్చాక తనంతట తానే వదిలేస్తుంది.


గండికోట
బుధవారం, మధ్యాహ్నం 2:25

రేపు కొత్త పోర్టల్ వస్తుంది, అప్పుడు మళ్లీ ఇదే ఏడుపు. పోస్ట్‌స్క్రీన్ పెట్టుకుంటే పలకరింపు ముందు ఆరు సెకన్లు ఆపి, తొందరపడి ముందే మాట్లాడే బాట్లను అక్కడే పట్టేస్తుంది. లోతైన పరీక్షలు మాత్రం ఆన్ చేయకూడదు, చేస్తే అదీ గ్రేలిస్టింగ్‌లాగే మొదటిసారి తిప్పి పంపుతుంది.


పెన్నా_ఒడ్డు
బుధవారం, సాయంత్రం 5:20

మీరిద్దరూ కొట్టుకోకండి 🙏 ప్రస్తుతానికి సార్ చెప్పినట్టు వైట్‌లిస్ట్ రాశాను. ఓటీపీ నాలుగు సెకన్లలో వచ్చింది. పోస్ట్‌స్క్రీన్ గురించి ఆదివారం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు చదువుతాను అక్కా.

ఇక జీమెయిల్ 421. ఆ ఇంగ్లీషులో పీటీఆర్ రికార్డు లేదని, అందుకే తాత్కాలికంగా వేగం తగ్గించామని ఉంది.


గండికోట
బుధవారం, సాయంత్రం 5:45

ఇది కూడా లైన్ మార్పు బిడ్డే. కొత్త ఐపీకి వెనక్కి పేరు, అంటే పీటీఆర్, లేదు. పేరు నుంచి ఐపీ మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో మీరే రాసుకోవచ్చు. ఐపీ నుంచి పేరు మాత్రం ఆ ఐపీ ఎవరిదో వాళ్లే రాయాలి, అంటే మీ నెట్ కంపెనీ. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఇది అందరు పంపేవాళ్లకూ తప్పనిసరి చేసింది. ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలన్నదీ అప్పుడే. రోజుకు 5000 దాటి పంపేవాళ్లకు రెండూ, పైన డీమార్క్ (ఆ పరీక్షలు తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా.

మీ ఎస్‌పీఎఫ్ కూడా చూడండి, అందులో పాత ఐపీ ఉండే ఉంటుంది. ఇన్నాళ్లూ డీకిమ్ సంతకం ఒక్కటే మిమ్మల్ని కాపాడి ఉంటుంది.


పెన్నా_ఒడ్డు
బుధవారం, సాయంత్రం 6:10

నిజమే, పాత ఐపీనే ఉంది! మార్చాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పీటీఆర్ అంటే "సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు.


కారం_దోశ
బుధవారం, సాయంత్రం 6:18

😂😂 చేశారా మరి?


గండికోట
బుధవారం, సాయంత్రం 6:30

ఫోన్‌లో కాదు, స్టాటిక్ ఐపీ అమ్మిన బిజినెస్ విభాగానికి మెయిల్ రాయండి. "ఈ ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్‌గా ఈ పేరు పెట్టండి" అని ఒకే వాక్యం, ఐపీ, పేరు, కనెక్షన్ నంబరు. మీరు రాసే పేరు, పోస్ట్‌ఫిక్స్‌లో మైహోస్ట్‌నేమ్, డొమైన్‌లో ఆ పేరుకు ఉన్న ఐపీ మూడూ కలవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ మొదటికొస్తుంది. ఆ మెయిల్ జీమెయిల్ నుంచి పంపండి, మీ సర్వర్ నుంచి పంపితే వాళ్లకూ లేటుగా వెళ్తుందేమో!


పెన్నా_ఒడ్డు
తర్వాతి మంగళవారం, మధ్యాహ్నం 12:05

పీటీఆర్ పెట్టారు. రెండుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది, మొదటిసారి పేరులో ఒక చుక్క ఎగిరిపోయింది. ఇప్పుడు జీమెయిల్ లైన్లన్నీ 250, అంటే అందుకున్నట్టు. క్యూలో వాయిదా పడినవి ఒక్కటే ఉంది, కోయంబత్తూరు పార్టీది. అక్కడ 451 గ్రేలిస్టెడ్ అంటోంది.


కొండారెడ్డి_బురుజు
మంగళవారం, మధ్యాహ్నం 12:20

అది వాళ్ల పోస్ట్‌గ్రే, మనం చేసేదేమీ లేదు. అయిదు పది నిమిషాల్లో అదే వెళ్తుంది.

అమావిస్ లాగ్ లెవెల్ 2 మీదే వదిలేశారా? మళ్లీ సున్నా చేయండి. డెబ్బై మంది మెయిల్స్‌కి ఆ లాగ్ పెరిగి వార్ పార్టిషన్ నిండితే, పోస్ట్‌ఫిక్స్ "452 ఇన్‌సఫీషియెంట్ సిస్టమ్ స్టోరేజ్" అని వచ్చే ప్రతి మెయిల్‌నీ గుమ్మం దగ్గరే ఆపుతుంది.


పెన్నా_ఒడ్డు
మంగళవారం, మధ్యాహ్నం 12:31

డీఎఫ్ కొట్టి చూశాను, వార్ 81 శాతం నిండి ఉంది. లెవెల్ తగ్గించి అమావిస్ రీస్టార్ట్ చేశాను, పాత లాగ్‌లు కంప్రెస్ చేస్తున్నాను. కోయంబత్తూరుది కూడా వెళ్లిపోయింది.